నలభై రెండు చెక్కలున్న బరకం

పోయినవి ముందు రాస్తాను.

ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న కాన్వాసు పట్టా ఒకటి. దానికి అడ్డంగా, ఎనిమిదేసి అంగుళాల ఎడంలో బిగించిన టేకు చెక్కలు నలభై రెండు. చెక్కకు నాలుగు చొప్పున రాగి రివిట్లు నూట అరవై ఎనిమిది. బూడిదలోనూ మట్టిలోనూ వెతికితే పందొమ్మిది దొరికాయి కనుక పోయినవి నూట నలభై తొమ్మిది. పట్టా రెండు కొసల్నీ కలిపే తోలు పట్టీలు మూడు, వాటి ఇత్తడి బకిళ్ళు మూడు. మంచి ఎండ కాసిన రోజులు ఆరు. మా అక్క విత్తనపు వడ్లలో సగం పైన.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్క నాకు బడిలో రాలేదు, పొలం గట్ల మీద కొలగొలుసు లాగుతూ వచ్చింది. ఏ చెరువులో ఎన్ని నీళ్ళు పడతాయో, ఏ గదికి ఎన్ని ఇటుకలు కావాలో ఊళ్ళో నన్నే అడుగుతారు. పై అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, తప్పుంటే చెప్పమని మా చెల్లెలి భర్తకు, అంటే మా బావకు, చూపించాను. ఆయన కాగితం పైనుంచి కిందికి ఒకసారి చూసి, "అంకెలు కరెక్టే బావా. కోపమే ఎక్కువైంది" అన్నాడు. ఆ కోపం ఏడాదైనా ఒక వీసం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో చెబుతాను.

ఆ పట్టా మా నూర్పిడి యంత్రానిది. మూతబడిన ఒక పాత మిల్లు వాళ్ళ దగ్గర మా నాన్న దాన్ని ఇనుము ధరకు కొన్నాడు. దాని డొక్కన ఇత్తడి రేకు మీద ఇంగ్లండులోని ఏదో ఊరి పేరూ, నాలుగంకెల నంబరూ ఉంటాయి. ఒళ్ళంతా చెక్క. పక్కన ఆయిల్ ఇంజను పెట్టి బెల్టు తగిలిస్తే తిరుగుతుంది. రెండు రోలర్ల మీద ఆగకుండా తిరిగే చాపలాంటిది ఈ కాన్వాసు పట్టా. కోసిన వరి పనల్ని దాని మీద పరిస్తే మెల్లగా మోసుకెళ్ళి లోపలి డ్రమ్ముకు అందిస్తుంది. చెక్కలు పన జారిపోకుండా పట్టుకుంటాయి. పట్టా లేకపోతే యంత్రం మొత్తం వట్టి అలమారా.

కోత మిషన్లు వచ్చాక ఈ పాత సామాను ఎందుకని అందరూ అడుగుతారు. మా అక్క కోసం. ఆవిడ రెండెకరాల్లో పొడుగు గడ్డి వచ్చే పాత రకం వరి పండిస్తుంది. కాపురానికి వెళ్ళిన ఏడాది వాళ్ళ అత్తగారు ఆవిడ చేతిలో పెట్టిన విత్తనం అది, ఊళ్ళో మరెవరి దగ్గరా లేదు. ఎకరానికి పదిహేను బస్తాలు దాటదు. అయినా దాన్ని ఆవిడ మిల్లుకు తోలదు, ముందుగా చెప్పుకున్న రైతులకు విత్తనంగా ఇస్తుంది. కోత మిషన్ కడుపులో అంతకుముందు కోసిన పొలం గింజలు మిగిలిపోయి ఇందులో కలుస్తాయి. గింజ చిట్లుతుంది, గడ్డి నలిగి పశువులు ముట్టవు. పోనీ మనుషుల చేత కొట్టిద్దామా అంటే, కడియం నర్సరీల్లో ఏడాది పొడుగునా పని ఉండగా రెండు రోజుల పనికి మా కళ్ళంలోకి ఎవరొస్తారు? కాబట్టి ఆ విత్తనం నిలబడేది ఆ యంత్రం మీద, యంత్రం నిలబడేది ఆ గుడ్డ మీద.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. కళ్ళంలో వడ్లున్న రోజుల్లో మబ్బు పడితే బరకం ఎవరూ అడగరు. ఎవరి కొట్టంలో కనబడితే వాళ్ళది తీసుకుపోయి తడవబోయే రాశి మీద కప్పేస్తారు. అడగడానికి వెళ్ళి వచ్చేలోపు రాశి తడిసిపోతుంది మరి. సొంతదారు ఇంట్లో లేకపోయినా, మాటల్లేకపోయినా, కోర్టులో కేసున్నా సరే. వాన వెలిశాక దాన్ని కడిగి, ఆరబెట్టి, మడిచి, తీసిన చోటే పెట్టాలి. నాతో గట్టు తగాదా ఉన్నాయన బరకం నేనే ఒకసారి తెచ్చుకున్నాను. మర్నాడు మడత అప్పజెప్పి వస్తే ఆయన బరకం గురించి ఒక్క మాటా అనలేదు, గట్టు గురించి మాత్రం మళ్ళీ మొదలుపెట్టాడు. అందుకే మా వైపు కొట్టాలకు తలుపులుంటాయి గాని తాళాలుండవు.

నూర్పు అయిపోగానే మేము పట్టా బకిళ్ళు విప్పి, చుట్టి, పందికొక్కులకు అందకుండా కొట్టం దూలానికి వేలాడదీస్తాం. పక్కనే మామూలు బరకాలు నాలుగు వేలాడుతుంటాయి. అలా పక్కపక్కన పెట్టడం నా తప్పే. అక్కడి వరకు ఒప్పుకుంటాను.

కిందటేడు సార్వా కోతలయ్యి, అక్క పనలు కట్టించి కుప్ప వేయించింది. మర్నాడు నూర్పు మొదలుపెడదామని పట్టా దించడానికి కొట్టానికి వెళ్ళాను. బరకాలు నాలుగూ ఉన్నాయి. పట్టా ఉండాల్సిన చోట రెండు తాళ్ళు ఊరికే ఊగుతున్నాయి. ఊళ్ళో వాకబు చేస్తే, మా బావ లీజుకు తీసుకున్న చేపల చెరువు గట్టు మీద మేత బస్తాల మీద ఏదో మందపాటి గుడ్డ చూశామన్నారు.

వెళ్ళి చూశాను. పట్టాను అడ్డంగా రెండు ముక్కలు కోసి, పక్కపక్కన చేర్చి నైలాను దారంతో కుట్టి, పద్నాలుగడుగుల పొడవు ఆరడుగుల వెడల్పు బరకం చేశారు. తాళ్ళు కట్టడానికి అంచుల పొడుగునా అడుక్కొకటి చొప్పున బొక్కలు పొడిచారు, మొత్తం నలభై. చేపల మేత వాసన గుడ్డకు పట్టింది. ఆ వాసనకు పందికొక్కులు మరిగి పదకొండు చోట్ల కొరికాయి. ఒక బొక్కలో నా పిడికిలి దూరింది. అంచు పట్టుకుని లాగితే తడి అప్పడంలా చిరిగింది. చెక్కలు లేవు. కావలి మనుషులు టీ కాచుకునే పొయ్యిలో రాగి రివిట్లు కనిపించాయి.

బావ మోటారు షెడ్డులోంచి నవ్వుతూ వచ్చాడు. "ఏంటి బావా, ఇలా వచ్చావ్? రా, టీ తాగు."

"ఇదేంటి?"

"బరకం. మబ్బు పడితే మీ కొట్టంలోంచి తెప్పించా. రేపో మాపో పంపించేద్దామనుకుంటన్నా."

"మబ్బు ఎప్పుడు పడింది?"

"మొన్న దసరాలకి."

దసరాలు వెళ్ళి అప్పటికి నలభై ఏడు రోజులు. "దసరాలకి వరి ఇంకా చేలోనే ఉంది. ఎవరి కళ్ళంలో వడ్లు తడుస్తున్నాయని తెచ్చావు?"

"వడ్లకే ఇవ్వాలని రాసుందా ఏంటి? చేపలు తినేది తిండి కాదా?"

ఇద్దరు కావలి మనుషులు మొహాలు తిప్పుకుని నవ్వారు.

"నలభై రెండు చెక్కలున్న బరకం నువ్వెక్కడైనా చూశావా?"

"తెచ్చింది మనుషులు బావా. చెక్కలేంటో, అవి ఎన్నో నాకేం తెలుసు? లెక్కెట్టేది నువ్వు గదా, నేనా?" అని, కాస్త గొంతు తగ్గించి, "బరకాల పక్కన వేలాడదీసి బరకం కాదంటే ఎలా? అయినా ఆ అలమారాని ఇనుముకి అమ్మేయ్. కోత మిషన్ నేను మాట్లాడి పెడతా, రెండు గంటల్లో అయిపోద్ది. మీ అక్కయ్యగారికి డీజిల్ ఖర్చు కూడా వద్దని చెప్పు" అన్నాడు.

నూట అరవై ఎనిమిది రివిట్లను ఒక్కొక్కటే ఉలితో లేపాలంటే ఇద్దరు మనుషులకు సగం పూట పడుతుంది. ఆ సగం పూటలో ఒక్క మనిషికి కూడా ఇది బరకం కాదేమోనని అనుమానం రాకపోవడం నమ్మే మాట కాదు. వచ్చి ఉంటుంది, అడిగి ఉంటారు, కానివ్వండని ఈయన అని ఉంటాడు. ఆచారాన్ని నమ్ముకుని తాళం వేయని కొట్టంలోంచి, ఆచారం పేరు చెప్పి తెచ్చి, ముక్కలు చేశాడు. దొంగతనమైతే కనీసం దానికి ఒక పేరుంటుంది.

ఆ షెడ్డు గోడకు ఒక కాగితం అంటించి ఉంది. చెరువులో చేప ఎంత బరువున్నప్పుడు రోజుకు ఎన్ని కేజీల మేత వేయాలో వారాలవారీగా నేను వేసిచ్చిన లెక్క. నా చేతిరాత. రెండు ఆదివారాలు కూర్చుని వేశాను. ఆ కాగితాన్ని గోడ మీంచి పీకి నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకుని వచ్చేశాను. "అది నాది బావా!" అని ఆయన వెనకనుంచి అరిచాడు.

ఇంటికొచ్చి నేను కేకలేస్తుంటే అక్క కళ్ళం చీపురు పట్టుకుని వింది. "అరిస్తే గుడ్డ వస్తదేంట్రా? ఎన్నాళ్ళు పడుద్దో చెప్పు."

"ఆరు రోజులు."

"ఫోన్లో అల్పపీడనం అంటన్నారు."

"ఎన్నాళ్ళకి?"

"వారం లోపే. అంతకంటే వాళ్ళకీ తెలీదు." చీపురు గోడకు ఆనించి, "చెప్పుకున్నోళ్ళకి నేనేం చెప్పాలిరా?" అంది. అంతే. నన్నుగాని బావనుగాని ఆవిడ ఒక్క మాట అనలేదు. అందువల్ల నా కోపం రెండింతలైంది.

మర్నాడు రాజమండ్రి వెళ్ళాను. లారీ బరకాలు కుట్టే ముసలాయన ఒకరు మా నాన్న కాలం నుంచీ తెలుసు. రోడ్డు పక్కన చెట్టు నీడలో దబ్బనంతో కుడుతూ ఉంటాడు. సంగతి విని, దబ్బనం టోపీలో గుచ్చి, నాతో పాటు గుడ్డల కొట్టుకు వచ్చాడు. కొట్టాయన అట్టలాంటి కాన్వాసు పరిచాడు. మడిస్తే చప్పుడవుతోంది. నాకు నచ్చింది. ముసలాయన బొటనవేలు నాలుకకు అద్దుకుని గుడ్డ మీద గట్టిగా రుద్దాడు. వేలికి తెల్లగా జిగురు అంటుకుంది.

"గంజి బాబూ. పంచె కట్టుకోడానికైతే బాగానే ఉంటది."

"ఏంటి తాతా, పొద్దున్నే బేరం చెడగొడతన్నావ్?" అన్నాడు కొట్టాయన.

"చెడగొట్టట్లేదయ్యా. లోపల ఉంది చూడు, అది తియ్యి."

నా దగ్గర అంగుళం కంత కోసిన అట్టముక్క ఉంటుంది. గంజి గుడ్డ మీద పెట్టి పోగులు లెక్కపెట్టాను, ఇరవై ఆరు. లోపలి నుంచి తెచ్చిన దాని మీద పెడితే నలభై. రెండోదే తీసుకోవాలని నిశ్చయమైంది గాని ఎంత పొడవు? కొత్త కాన్వాసు తడిస్తే కుంచించుకుపోతుంది. తడపకుండా బిగిస్తే మొదటి మంచుకే బిగుసుకుపోయి రోలర్లను విరిచేస్తుంది. గజం ముక్క ఒకటి కోయించి, టీ కొట్టు వేడినీళ్ళలో నానబెట్టి, పిండి, రెండు గంటలు ఎండలో వేశాము. ముప్పై ఆరు అంగుళాలు ముప్పై నాలుగుంబావు అయింది. అంటే తడిసి ఆరాక ఇరవై ఎనిమిది అడుగులు మిగలాలంటే ఇరవై తొమ్మిది అడుగుల ఐదంగుళాలు తీసుకోవాలి. కొసల మడతలకు ఇంకో అడుగు. ముప్పై ఒక్కటి కోయించాను.

రెండో రోజంతా గుడ్డను కాలువలో రాళ్ళ కింద నానబెట్టాము. మూడో రోజు రెండు కొబ్బరిచెట్ల మధ్య లాగి కట్టి ఆరబెట్టాము. నాలుగో రోజు ముసలాయన బస్సులో మా ఊరు వచ్చి, దారానికి తేనెమైనం రాసుకుంటూ సాయంత్రానికి అంచులన్నీ కుట్టేశాడు. ఆ రోజే నేను సామిల్లులో చెక్కలు కోయించాను. రాగి రివిట్లు దొరకలేదు, అల్యూమినియంవి వేశాను. అయిదు, ఆరు రోజులు రివిట్లకే సరిపోయాయి. ఆ ఆరు రోజులూ ఆకాశంలో చేయంత మబ్బు కూడా లేదు. అలాంటి ఎండను చూస్తూ రివిట్లు కొట్టుకోవడం కంటే తిట్టించుకోవడం నయం. ప్రతి సుత్తి దెబ్బకూ బావ మొహం తలచుకున్నానంటే అబద్ధం కాదు. అందుకే కాబోలు నాలుగు రివిట్లు వంకరపోయాయి.

ఏడో రోజు పొద్దున ఏడింటికి ఇంజను వేశాము. పట్టా పదకొండు చుట్లు తిరిగి ఎడమ పక్కకు జరగడం మొదలుపెట్టింది. ఆపకపోతే అంచు కమ్మీకి రాసుకుని చిరిగిపోతుంది. ఆపేసి కొలిచాను. పట్టాను పరిచి ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే రెండు కొలతలూ సమానం రావాలి, మా నాన్న చెప్పిన మొదటి పాఠం అది. ముప్పావంగుళం తేడా వచ్చింది. బిగించే ముందు కొలవాల్సింది, నేను కొలవలేదు. పట్టీలు విప్పి, కొస సరిచేసి, మళ్ళీ బిగించేసరికి తొమ్మిదయింది. ఆ రెండు గంటలు నావి.

తొమ్మిది నుంచి యంత్రం చక్కగా ఆడింది. గంటకు బస్తాన్నర లెక్కన గింజ రాలింది. గడ్డి నిలువునా, నలక్కుండా బయటికి వచ్చింది. అక్క గుప్పెడు వడ్లు అరచేతిలో పోసుకుని, ఒకటి పంటి కింద కొరికి, తలూపింది. మధ్యాహ్నానికి తూర్పున ఆకాశం రంగు మారింది. మేము అన్నానికి ఆగలేదు. సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు తక్కువగా మొదటి చినుకు ఇంజను గొట్టం మీద పడి సుయ్యిమంది. అప్పటికి పదమూడు బస్తాలు.

చుట్టుపక్కల వాళ్ళు ఎవరినీ అడగకుండా ఎక్కడెక్కడివో బరకాలు తెచ్చి కుప్ప మీద వేశారు. మా నాలుగుతో కలిపి పది. మా వైపు ఆచారమంటే అదే, చెరువు గట్టు మీద బావ చెప్పింది కాదు. కానీ మూడు రోజులు గాలీవానా ఆగలేదు. నీళ్ళు పైనుంచి కాదు, కళ్ళంలో కింద నుంచి ఎక్కాయి. రెండో రోజు బావకు ఫోన్ చేశాను, నీళ్ళు తోడే మోటారు ఒకటి పంపమని. "నా చెరువులే పొంగుతున్నాయి బావా, ఇప్పుడెలా?" అన్నాడు. నాలుగో రోజు కుప్ప విప్పితే పనలు వేడెక్కి ఆవిర్లు వచ్చాయి. వెన్నుల్లోనే తెల్లటి మొలకలు. ఆ మొలకలు చూసి అక్క మొదటిసారి కూలబడింది. మొలవడానికే కదా ఆవిడ ఏడాదంతా దాన్ని దాచింది!

రెండెకరాలకు ముప్పై బస్తాలు. నూర్చినవి పదమూడు. పోయినవి పదిహేడు. నేను పారేసిన రెండు గంటలకు మూడు బస్తాలు నా పద్దు. మిగిలిన పద్నాలుగు బావ పద్దు. ఈ లెక్కను ఊళ్ళో ముగ్గురి ముందు చెప్పాను, ఎవరూ కాదనలేదు.

బావ వచ్చి మిల్లు ధర కట్టి డబ్బిస్తానన్నాడు. జేబులోంచి తీశాడు కూడా. అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"డబ్బు తడిస్తే ఆరతది బాబూ, నేనేం చేసుకోను? విత్తనం పోయింది, విత్తనం ఇవ్వు."

"ఎక్కడ దొరుకుద్దండీ అది?"

"అదే నేనూ అడుగుతున్నా."

నా మూడు బస్తాలు నేను తీర్చేశాను. అక్క దగ్గర విత్తనం తీసుకుని ఈ సార్వాలో నా పొలంలో ఇరవై సెంట్లలో అదే రకం వేసి, అదే యంత్రం మీద నూర్చి ఇచ్చాను. బావ అలా తీర్చలేడు. ఆయన చేతిలో సెంటు వరినేల లేదు, ఉన్నదంతా తవ్వి చెరువులు చేశాడు. చెప్పుకున్న రైతుల్లో సగం మంది ఈ ఏడు వట్టి చేతులతో తిరిగి వెళ్ళారు. వచ్చే ఏటికి వాళ్ళు అడుగుతారో లేదో అక్కకు తెలియదు.

నేను కోపంతో ఇంకో పని చేశాను. కొట్టానికి తాళం వేశాను. దాళ్వా కోతల్లో ఒక మధ్యాహ్నం అకాల వాన వచ్చింది. నేను ఊళ్ళో లేను. పక్కింటాయన పరుగెత్తుకొచ్చి తాళం చూసి వెనక్కి వెళ్ళాడు. ఆయన రాశిలో ఎనిమిది బస్తాలు తడిశాయి. "తాళం ఉందండి, ఏం చెయ్యను" అన్నాడు మర్నాడు, తప్పు తనదైనట్టు. తాళం ఆ రోజే కాలువలో పారేశాను. ఆ ఎనిమిది బస్తాలు ఎవరి పద్దులో రాయాలో ఇంతవరకూ తేల్చుకోలేదు. బావ పద్దులో రాయాలని మనసు చెబుతుంది, చెయ్యి రాయదు. కొత్త పట్టా మాత్రం ఇప్పుడు నా మంచం కింద ఉంది.

రెండు నెలల కిందట బావ జంగారెడ్డిగూడెం అవతల ఎక్కడో వెతికి, అదే రకమని రెండు బస్తాలు తెచ్చి అక్క అరుగు మీద దించాడు. గింజ చూడ్డానికి అదే. నేను తడి గోనెలో వంద గింజలు లెక్కపెట్టి చుట్టి, వారం ఉంచి, ఆయన ముందే విప్పాను. అరవై రెండు మొలిచాయి.

"వందకి అరవై రెండంటే ఫస్ట్ క్లాసే గదా బావా!" అని నవ్వాడు. "నీకు టెన్తులో రాలేదు గాని."

నేను నోటితోనే లెక్క మొదలుపెట్టాను. బస్తాకు డెబ్బై అయిదు కేజీల చొప్పున పద్నాలుగు బస్తాలు వెయ్యిన్నూట... కాదు, వెయ్యీ యాభై కేజీలు. కోపంలో నోటిలెక్క తప్పుతుంది, రాసే వేసుకోవాలి. తెచ్చింది నూట యాభై కేజీలు. అందులో మొలిచే గింజ తొంభై మూడు కేజీలు. మొలవని గింజకు నేను జమ ఇవ్వను, అక్కా ఇవ్వదు.

ఈ రోజుకు మా బావ మా అక్కకు ఇంకా ఇవ్వవలసింది తొమ్మిది వందల యాభై ఏడు కేజీల మొలిచే వడ్లు.